జైపూరు నుంచి ఢిల్లీకి గంట లోపే

జైపూరు నుంచి ఢిల్లీకి విమానంలో ఎంతసేపు పడుతుందని ఫోన్‌ని అడిగి చూడండి. గంట లోపే అని చెబుతుంది. గాలిలో దూరం రెండు వందల యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ అని కూడా చెబుతుంది. రెండూ నిజమే. నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఎక్కువగా ఏడిపించిన నిజాలు ఆ రెండే.

నేను పైలట్‌ని కాను. చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే ఇసుక దిబ్బల వెనక ఉండే ఒక హేచరీలో రొయ్య పిల్లల్ని ప్యాక్ చేసి పంపించే విభాగం చూసేవాణ్ణి. మొన్న రిటైరయ్యాను. నా కుర్చీలోకి వచ్చినవాళ్ళూ, రాబోయేవాళ్ళూ ఫోన్ చేసి "సార్, ఈ పనిలో ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడుగుతున్నారు. ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత అనేవి మీకు కాలేజీలో నాకంటే బాగా చెప్పి ఉంటారు. నేను వేరేది చెబుతాను.

సంచిలో కాలం

పని చూడటానికి చిన్నదే. కనురెప్ప వెంట్రుకంత పిల్లల్ని నీళ్ళతో సహా పాలిథిన్ సంచిలో పోసి, పైన ఆక్సిజన్ నింపి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తాం. సంచుల్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, మధ్యలో ఐసు సీసా దూర్చి టేపు చుడతాం. తెల్లవారేలోగా వాను చెన్నై బయలుదేరుతుంది. అక్కడి నుంచి విమానం.

రొయ్యలంటే భీమవరమో, మన కోస్తానో అనుకునే రోజులు పోయాయి. హర్యానాలో, రాజస్థాన్‌లో, పంజాబ్‌లో భూమి కింద ఉప్పు నీళ్ళు పైకి తేలి, గోధుమ కూడా మొలవక తెల్లగా పొక్కిపోయిన పొలాలున్నాయి. అక్కడి రైతులు ఆ నీళ్ళలోనే రొయ్యలు పెంచడం మొదలుపెట్టారు. వాళ్ళలో సముద్రాన్ని చూసినవాళ్ళు తక్కువ, రొయ్య తిన్నవాళ్ళు ఇంకా తక్కువ. వాళ్ళకు పిల్ల మన దగ్గరి నుంచే పోవాలి. ఎడారి పక్కన గట్టు మీద నిలబడి, తలపాగా చుట్టుకున్న మనిషి మన సముద్రపు పిల్ల కోసం ఆకాశం వైపు చూస్తున్నాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఆ ఉప్పు ఎక్కడిది? అక్కడ ఎప్పుడో సముద్రం ఉండిందా? నేను చదువుకున్నవాణ్ణే గానీ ఆ ప్రశ్నకు జవాబు వెతకలేదు. కొన్ని తెలియకుండా ఉంటేనే బాగుంటాయి.

పిల్లకు ఢిల్లీ తెలియదు, జైపూరు తెలియదు. దానికి తెలిసింది సంచిలో మిగిలిన గాలి, పెరిగే వేడి. మీరు కిలోమీటర్లు లెక్కపెడుతున్నంతసేపూ అది ఊపిరి లెక్కపెడుతుంటుంది. ఈ ఒక్కటి మనసుకు పడితే ఈ ఉద్యోగంలో సగం వచ్చినట్టే.

మా నాన్న బిట్రగుంటలో రైలింజనుకు బొగ్గు వేసిన మనిషి. రైల్వే కాలనీలో ఇంటి ముందు మంచం మీద పడుకుని ఒక మాట అనేవాడు. "టేసన్ల మధ్య దూరం మారదురా. టయిమే మారతాది. అవుటర్ సిగ్నల్ కాడ నిలబడిందాన్ని ఎవుడూ పయనం అనుకోడు, గానీ బొగ్గు ఆడగూడా కాలతానే ఉంటాది." చిన్నప్పుడు అది నాకు ముసలి మాటలాగే వినపడింది. రొయ్య పిల్లల దగ్గరికి వచ్చాక గానీ అర్థం కాలేదు.

జత సంచి

మా హేచరీలో ఒక ఆచారం ఉంది. దూరం పోయే ప్రతి లోడుకూ ఒక సంచి ఎక్కువ కడతాం. అదే తొట్టి పిల్ల, అవే నీళ్ళు, అదే సిలిండరు గాలి, అదే చేత్తో వేసిన రబ్బరు బ్యాండు. దాన్ని కూడా ఐసు సీసాతో పెట్టెలో పెట్టి టేపు వేస్తాం గానీ, పంపించం. మా దగ్గరే ఉంచుకుంటాం. దాన్ని జత సంచి అంటాం. అవతల రైతు పెట్టె తెరిచి ఫోన్ చేసినప్పుడు ఇవతల మేము జత తెరుస్తాం. ముందు తెరవకూడదు. తెరిస్తే గాలి పోతుంది, ఇక అది జత కాదు.

కట్టే చెయ్యి సువార్తమ్మది. ప్యాకింగ్ షెడ్డులో ఆడవాళ్ళందరికీ పెద్ద. నాకంటే పదేళ్ళు పైబడిన మనిషి కాబట్టి అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను అబ్బయ్యా అనేది. ఆఖరి సంచి కట్టాక పెట్టెల మీద చెయ్యి పెట్టి రెండు మాటల్లో ప్రార్థన చేసేది. ఒకసారి నేను ఎగతాళిగా, "యేసుప్రభువు చేపల్ని పట్టించినాడు గదక్కా, రొయ్యల మాటేంది?" అన్నాను. "ఆయన నీళ్ళ మీద నడిచినాడు అబ్బయ్యా, నీళ్ళలో ఏముండాయో ఆయనకి తెలీదా? నువ్వు టేపు సరిగ్గా ఎయ్యి" అంది. ఆ తర్వాత ఆమెతో వాదానికి దిగలేదు.

తెరిచిన జత పిల్లల్ని మళ్ళీ తొట్టిలో కలపకూడదు. పారబోయడానికి మనసొప్పదు. అందుకని షెడ్డు వెనక ఒక చిన్న గుంట తవ్వించి, దాంట్లో వదిలేవాళ్ళం. దానికి ఢిల్లీ గుంట అని పేరు పడింది. ఆదివారాలు సువార్తమ్మ ఢిల్లీ రొయ్యలు పట్టి మామిడికాయ వేసి ఇగురు చేస్తే, ఢిల్లీ పోయొచ్చినవాడు కూడా అంత రుచి చూసి ఉండడు.

ఇంత మంచి ఆచారంలో ఒక పెద్ద లొసుగు ఉంది. అది మాకెవరికీ కనపడలేదు. జత పెట్టెను మేము ప్యాకింగ్ గదిలో, ఏసీ కింద, బల్ల మీద పెట్టేవాళ్ళం. విలువైన వస్తువు గదా, జాగ్రత్త అన్నమాట. ఒకసారి రోహ్‌తక్ వైపు రైతు పెట్టెలు తెరిస్తే పిల్ల అంతా అడుగున తెల్లగా పడి ఉంది. మా జత తెరిస్తే చెంగుచెంగున ఈదుతోంది. మా ఓనరు పెంచలయ్య గారు ఫోన్‌లో గట్టిగానే చెప్పారు, ఇక్కడి జత సంచి బాగానే ఉంది, తప్పు మా పిల్లది కాదు, మీరు తీసుకెళ్ళిన తీరుది అని. ఆ రైతు కోప్పడలేదు. "అయ్యా, మావి ఇంత దూరం వచ్చాయి. మీది ఎంత దూరం పోయింది?" అని అడిగి ఫోన్ పెట్టేశాడు.

ఆ మాటకు నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కూర్చున్న చోట కూర్చునే సంచి, ప్రయాణం చేసిన సంచికి జత ఎట్లా అవుతుంది? ఇన్నాళ్ళూ మేము అద్దంలో మా మొహమే చూసుకుని రైతు మొహం బాగుందని చెబుతున్నాం.

కోట రోడ్డు మీద ప్రయాణాలు

ఆ తర్వాత జత పెట్టెకు కూడా ప్రయాణం పెట్టాను. వాను చెన్నై పోతున్నంతసేపు జత మా పాత జీపులో చిట్టమూరు నుంచి కోట, కోట నుంచి వాకాడు తిరుగుతుంది. అవతల పెట్టెలు విమానం కడుపులో చల్లగా ఉన్నంతసేపు జత గదిలో ఉంటుంది. అవతలవి రన్‌వే పక్కన ట్రాలీ మీద ఎండలో ఉంటే, జత కూడా జీపు టాపు మీద ఎండలో ఉంటుంది. కోట బస్టాండు దగ్గర టీకొట్టు ఆయన నన్ను చూసి, "ఏంది సారూ, ఇయ్యాల ఢిల్లీనా, జైపూరా?" అని అడిగేవాడు. ఊళ్ళో కొందరు నాకు కొంచెం తిక్క అనుకున్నారు. పెంచలయ్య గారు డీజిలు గురించి గొణిగారు గానీ ఆపమని అనలేదు. ఆయనలో నాకు నచ్చిన గుణం అదే. ఒప్పుకోరు, అడ్డమూ పడరు.

నిజం చెప్పాలంటే నా జీవితంలో బాగా సుఖపడిన గంటలు అవే. పక్క సీటులో పెట్టె, రోడ్డుకు రెండు వైపులా సరుగుడు తోపులు, తోపుల సందుల్లోంచి ఉప్పు గాలి. ఇంకాసేపట్లో నాగపూర్ దాటుతాయి, ఆ తర్వాత కింద చంబల్ నది కనపడుతుంది అని నాలో నేనే అనుకునేవాణ్ణి. పైన ఎప్పుడైనా తెల్లటి గీత గీసుకుంటూ విమానం పోతే జీపు పక్కకు ఆపి, గీత కరిగిపోయేదాకా చూసేవాణ్ణి. నేను అప్పటికి విమానం ఎక్కలేదు. పెట్టెలో పిల్లలు మాత్రం నాతోపాటు కోట రోడ్డు మీదే ఎక్కడెక్కడికో పోయివచ్చేవి.

మీరు దీన్ని పిచ్చి అనుకున్నా ఫరవాలేదు. పంపిన సరుకు ఇప్పుడు ఎక్కడుందో ఫోన్ చూపిస్తుంది. అది ఎట్లా ఉందో చూపించదు.

జగ్‌బీర్ పెట్టెలు

ఇదంతా చెప్పింది ఈ ఒక్క రోజు కోసం.

హిసార్ అవతల ఒక పల్లెలో జగ్‌బీర్ అనే రైతు. కొత్తగా గుంట తవ్వినవాడు. ఇంట్లో అన్నకు ఇది బొత్తిగా ఇష్టం లేదు. తరతరాలుగా మాంసం ముట్టని ఇల్లు, పురుగుల్ని పెంచుతావా అని పోట్లాట. చివరికి అన్న ఒక షరతు పెట్టాడట. ఈ ఏడు పిల్ల బతికి పంట వస్తే సరే, రాకపోతే జేసీబీ తెచ్చి గుంట పూడ్పించేస్తానని. జగ్‌బీర్ ఇది నాకు నవ్వుతూనే చెప్పాడు. నీళ్ళ నమూనా సీసాలో పంపితే, ఆ ఉప్పుకు తగ్గట్టు మేము వారం పాటు పిల్లను అలవాటు చేశాం. ఇంకో విడత కట్టే సమయం ఆ సీజనులో లేదు. పోతే అతని గుంట పోయినట్టే.

మే నెల. పెట్టెలు పొద్దున విమానంలో ఢిల్లీ బయలుదేరాయి. జగ్‌బీర్ తన బండితో ఢిల్లీ కార్గో గేటు దగ్గర ఉన్నాడు. మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది. ఢిల్లీ మీద దుమ్ము తుపాను లేచిందని, విమానాన్ని జైపూరుకు మళ్ళించారని. ఇక్కడ అంతా దుమ్ముతో పసుపుపచ్చగా ఉంది, సూర్యుడు కనపడటం లేదన్నాడు.

అడిగితే విమానం వాళ్ళు ధైర్యం చెప్పారు. తుపాను తగ్గగానే బయలుదేరుతుంది, జైపూరు నుంచి ఢిల్లీకి గంట కూడా పట్టదు అన్నారు. పెంచలయ్య గారు కూడా అదే పట్టుకున్నారు. "గంటే గదయ్యా. ఇంత దూరం పోయినాయి, ఇంకో గంట ఆగలేవా?" అన్నారు.

నేల మీద ఆగిన విమానం కడుపు కూడా వేడెక్కుతుంది. నేను జత పెట్టెను గదిలోంచి తీసి జీపు టాపు మీద, మాడ్చే కత్తిరి ఎండలో పెట్టాను. కొంతసేపటికి మళ్ళీ అడిగితే, పైలట్ల డ్యూటీ సమయం అయిపోయిందని, వేరేవాళ్ళు రావాలని చెప్పారు. సామాను కిందికి దించారు. మా పెట్టెలు రేకుల షెడ్డు బయట, ఎండలో ట్రాలీ మీద ఉన్నాయి. ఇంకొంతసేపటికి అడిగినా, ఇంకా అదే గంట. ఆ గంట ముగియడానికి ముందు మొదలవాలి గదా! మా నాన్న చెప్పిన అవుటర్ సిగ్నల్ నాకు ఆ రోజు కళ్ళకు కట్టింది.

జగ్‌బీర్ భార్య తమ్ముడు జైపూరులో పాల వాను నడుపుతాడు. ఎండ లోపలికి రాని డబ్బా వాను. పెట్టెలు చేతికిస్తే ఢిల్లీ ఊసే లేకుండా నేరుగా హిసార్ రోడ్డు పట్టుకుంటానన్నాడు. ఆలోచిస్తే అదే దారి. పిల్లకు ఢిల్లీలో పనేముంది? కానీ జైపూరులో సరుకు ఇవ్వాలంటే పంపినవాళ్ళు రాతపూర్వకంగా అడగాలి. అడిగితే ఆ క్షణం నుంచి బాధ్యత మాది. పెంచలయ్య గారు మెయిల్ పంపనన్నారు.

"వాళ్ళ చేతిలో చస్తే వాళ్ళ తప్పు. మన చేతిలోకి తీసుకుని చంపుకుందామా?" అన్నారు.

"సార్, ఆడుండేవి ఎవరి చేతిలోనూ లేవు. ఎండలో ఉండాయి."

"చస్తాయని నీకెట్టా తెలుసు?"

నేను జీపు టాపు మీదున్న పెట్టె వైపు చూశాను. ఆయనా చూశారు. ఆయనకు ఆచారం తెలుసు. "తెరిస్తే ఇంక తెలుసుకునేదానికి మనకాడ ఏముంటాది?" అన్నారు నెమ్మదిగా.

ఆ ప్రశ్న సరైనదే. ఆ సంచి ఒక్కసారే మాట్లాడుతుంది. ఇప్పుడు అడిగితే, ఆ తర్వాత దారి పొడుగునా ఏం జరిగినా మాకు చెప్పేవాళ్ళు ఉండరు. సువార్తమ్మ షెడ్డులోంచి వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. "తెలుసుకోను దాచుకుంటారా, బతికించుకోను వాడతారా?" అని, ఎవరి జవాబు కోసమూ చూడకుండా టేపు చింపింది.

తెల్ల పళ్ళెంలో పోసి వేలితో నీళ్ళు గుండ్రంగా తిప్పింది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఆ సుడికి ఎదురీదుతుంది. వీటిలో కొన్ని ఎదురీదాయి. చాలావాటికి చేతకాక, నీళ్ళు ఎటు తిప్పితే అటు తిరిగి పళ్ళెం మధ్యలో కుప్పగా చేరాయి. వాటి ఒళ్ళు అప్పుడే పాలిపోతోంది. పెంచలయ్య గారు వంగి, కళ్ళద్దాలు తీసి చూశారు. వరి పండించి పైకొచ్చిన మనిషి. ఆయనకు ఎన్ని మాటలు చెప్పినా ఎక్కవు, చూపించిన మొక్క వాడిపోయిందో లేదో మాత్రం చప్పున తెలుస్తుంది. లేచి ఆఫీసులోకి పోయి మెయిల్ పంపారు.

పాల వాను ఆయనకు నేను నాకొచ్చిన హిందీలో, మా దగ్గర ఉంచుకున్న జత తెరిచి చూసిన సంగతితో సహా చెప్పాను. ఐసు వేయండి, కానీ సంచులకు తగలనీయొద్దు. ఒక్కసారిగా చల్లబడితే అదీ చావే. దారిలో ఎక్కడా ఆపొద్దు. ఆయన అన్నిటికీ సరే సరే అన్నాడు. జగ్‌బీర్ ఢిల్లీ నుంచి ఇంటికి మళ్ళాడు. ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ కలవలేదు.

తెలియని దారి

అంతవరకూ నాకు ప్రతి లోడుతోనూ ఒక దారం ఉండేది. ఆ రోజు రాత్రి దాకా ఆ దారం లేదు. అలవాటు చొప్పున జీపు తీశాను. పక్క సీటు ఖాళీ. కోటలో టీకొట్టు ఆయన ఏదో అడగబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. తూపిలిపాళెం దాకా పోయి సముద్రం ఒడ్డున కూర్చున్నాను.

ఇసుక ఇంకా వేడిగానే ఉంది. అలలు వచ్చి పోతున్నాయి. నాకు ఆ నీళ్ళ మీద ఒక పాల వాను కనపడుతోంది. తెల్లటి ఉప్పు పొలాల మధ్య పొడుగాటి రోడ్డు, దాని మీద ఒంటరిగా పోయే వాను. జైపూరునూ హిసార్‌నూ నేను చూడలేదు. అయినా ఆ రోడ్డు మీద ప్రతి మలుపూ చూసినట్టే ఉంది. ఈ సముద్రంలోంచి తోడిన నీళ్ళలో పుట్టినవి, సముద్రం లేని చోటికి, సముద్రాన్ని చూడని మనిషి దగ్గరికి పోతున్నాయి. వాటికి ఆ గుంటే సముద్రం కావాలి. నేను దేవుణ్ణి పెద్దగా అడగను. ఆ రోజు అడిగాను, సువార్తమ్మ అడిగే దేవుణ్ణీ, మా పెంచలకోన స్వామినీ ఇద్దర్నీ అడిగాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పవలసింది ఏదైనా ఉంటే ఇదే. పనిముట్లన్నీ వాడేసి, చెప్పవలసినవన్నీ చెప్పేశాక కూడా మనకు తెలియని దారి కొంత మిగులుతుంది. అక్కడ తెలిసినట్టు నటించొద్దు. ఊరికే కూర్చుని ఓర్చుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

బాగా చీకటి పడ్డాక హేచరీకి తిరిగివచ్చాను. షిఫ్టు ఎప్పుడో అయిపోయినా సువార్తమ్మ ఇంటికి పోలేదు. పళ్ళెంలో పిల్లల్ని మధ్యాహ్నమే ఢిల్లీ గుంటలో వదిలేసి, గట్టు మీదే కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను. పెంచలయ్య గారు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఇటు చూస్తున్నారు.

ఫోన్ మోగింది. జగ్‌బీర్. నీళ్ళు చిమ్మే ఏరేటర్ చప్పుడు, ఆడవాళ్ళెవరో అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు. అప్పుడు అతను, "చల్ రహే హైఁ జీ" అన్నాడు. కదులుతున్నాయి అని. అన్నీ కాదట. కొన్ని సంచుల్లో బాగా పోయాయట. కానీ సగం పైన గుంటలోకి దిగి ఈదుకుంటూ పోయాయట. అన్న కూడా వచ్చి, గట్టు మీద కూర్చుని, టార్చిలైటు వేసి చూస్తున్నాడట. ఇంకా ఏమీ అనలేదట, లేచి మాత్రం పోలేదట.

మా వృత్తిలో సగం బతికాయంటే సిగ్గుపడాల్సిన మాట. ఆ రాత్రి నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కదులుతున్నాయని సువార్తమ్మకు చెప్పి, గుమ్మంలో ఉన్న పెంచలయ్య గారికి చెయ్యి ఊపాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ లోపలికి పోయారు.

ఫోన్ పెట్టేయబోతుంటే జగ్‌బీర్, "సార్, ఒక్క మాట" అన్నాడు. "మీ దగ్గర ఆపుకున్నది ఉంది గదా, మా కోసం ముందే తెరిచారట. వాటి సంగతేమిటి?"

ఇన్నేళ్ళలో ఎంతమంది రైతులతో మాట్లాడానో. జత సంచిలో పిల్లలు ఏమయ్యాయని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేనే అడగలేదు. మధ్యాహ్నం నుంచి నా ధ్యాసంతా అవతలి వాటి మీదే ఉంది.

సువార్తమ్మకు హిందీ రాదు. అయినా నా మొహం చూసి ప్రశ్న ఏమిటో పట్టేసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి గుంటలోకి మోకాళ్ళ దాకా దిగింది. తెల్ల పళ్ళెం నీళ్ళలో ముంచి, మెల్లగా పైకెత్తి, షెడ్డు లైటు వెలుతురుకు అడ్డంగా పట్టింది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి నీళ్ళు తిప్పింది.

"చెప్పబ్బయ్యా" అంది. "ఇయ్యి గూడా కదలతా ఉండాయని చెప్పు."